వినేదాకా మైల లేదు

మా మనవరాలు అనిక చదివే కాలేజీకి ఈ ఏడే ఫుట్‌బాల్ టీమ్ పెట్టారు. టీమ్ కొత్త, కోచ్ కొత్త, జనం వేసుకొచ్చిన టీషర్టులు కూడా ఇంకా మడత నలగని కొత్తవి. ఆడడానికి సొంత స్టేడియం మాత్రం లేదు. అందుకని మేముండే కమ్మింగ్ ఊళ్ళో ఇంటికి దగ్గర్లో ఉన్న హైస్కూల్ స్టేడియం అద్దెకి తీసుకున్నారు. హైస్కూల్ వాళ్ళ పేరు కనపడకుండా కంచె పొడుగునా కాలేజీ బ్యానర్లు కట్టారు గానీ, గాలి వీచినప్పుడల్లా అవి పైకి లేచి కింద పాత పేరు కనపడుతూనే ఉంది. పాపం ఎవరికీ కాలేజీ పాట కూడా రాదు. పెద్ద తెర మీద మాటలు వేస్తుంటే చూసి గొణుగుతున్నారు. అనిక బాండులో ట్రంపెట్ వాయిస్తుంది. ఆట సగంలో ఆపినప్పుడు బాండు వాళ్ళు మైదానంలోకి దిగి కవాతు చేస్తారు. నేను వెళ్ళింది అది చూడడానికే, ఎవరు గెలిచినా నాకొకటే.

వెళ్ళానన్న మాటే గానీ ప్రాణం అక్కడ లేదు. మా తమ్ముడు రమణ మిషిగన్‌లో, నోవైలో ఉంటాడు. గురువారం గుండెల్లో మంటగా ఉందని హాస్పిటల్‌కి వెళ్తే మళ్ళీ ఇంటికి పంపలేదు. బైపాస్ చేయాలి, శని ఆదివారాలని చూస్తూ కూర్చునే పని కాదు, శనివారమే చేసేస్తాం అన్నారు. నాకు శనివారం సాయంత్రం ఫ్లైట్‌కి గానీ సీటు దొరకలేదు. ఆ శనివారమే ఈ ఆట. మా అమ్మాయి శైలజ, "ఇంట్లో కూర్చుని గోడలు చూస్తావా అమ్మా? హాఫ్‌టైమ్ దాకా ఉందాం, అక్కణ్ణుంచి అటే ఎయిర్‌పోర్ట్‌కి తీసుకెళ్తా" అంది. సూట్‌కేసు డిక్కీలో పడేసి వచ్చాం. పొద్దున రమణతో మాట్లాడితే, "లోపలికి తీసుకెళ్ళేముందు నేనే చేస్తానక్కా. నువ్వు ఊరికే చేసి పద్మని కంగారు పెట్టకు" అన్నాడు. పద్మ మా మరదలు. వాడి కంటే ముందు ఇంకెవరికో ఆపరేషన్ జరుగుతోందిట, అది అయ్యాక వీడిని తీసుకెళ్తారుట. ఎప్పుడో ఎవరికీ తెలీదు. అంచేత ఫోను చేతిలో పట్టుకుని కూర్చున్నాను.

కూర్చున్నాననడం కూడా అబద్ధమే. సెప్టెంబరు ఎండకి ఆ అల్యూమినియం బెంచీలు పెనంలా కాలుతున్నాయి. కాసేపు లేస్తాను, కాసేపు ఒడిలో టవల్ తీసి కింద వేసుకుని కూర్చుంటాను, ఫోను చూస్తాను, మళ్ళీ లేస్తాను. వెనకాయన కనపడడం లేదని దగ్గాడు. శైలజ నా మోచెయ్యి పట్టుకుని లాగింది. మా వెనక పై వరసలో ఎమ్మెస్ చేసే మన పిల్లలు కొంతమంది, గుంటూరు వాళ్ళూ వరంగల్ వాళ్ళూ కలిసి కూర్చున్నారు. స్టూడెంట్ ఐడీ చూపిస్తే టికెట్ ఫ్రీ అని వచ్చారట. "ఇప్పుడెందుకు ఆపిండ్రు రా ఆట?" అని ఒకడు అడిగాడు. "నన్నడుగుతావేంటి, గూగుల్ చెయ్యి" అన్నాడు ఇంకోడు. "ఏం గూగుల్ రా బై, ఇంతమంది జనానికి ఒక్క గీత సిగ్నల్ లేదిక్కడ." ఆ మాట చెవిన పడగానే నా ఫోను పైకెత్తి చూశాను. అందులోనూ లేదు.

నా ఫోను పిచ్చి మా ఇంట్లో అందరికీ నవ్వులాట. నేను ఫోనుని రెండోసారి మోగనివ్వను. స్నానం చేస్తున్నా సబ్బు చేత్తో ఎత్తుతాను. కారు వారంటీ అమ్ముతామని చేసే వాళ్ళతో కూడా మర్యాదగా మాట్లాడి పెడతాను. మా ఆయన ఉన్న రోజుల్లో, "నిన్ను టెలిఫోన్ ఎక్స్‌చేంజీలో పెట్టుకోవాల్సింది, మందుల షాపులో కాదు" అనేవాడు. ముప్ఫై ఏళ్ళు ఫార్మసిస్టుగా చేశాను, అక్కడా అంతే, కౌంటర్ దగ్గర మనిషిని నిలబెట్టి ఫోనెత్తేదాన్ని. చాలామంది తిట్టుకుని ఉంటారు. తిట్టుకోనీ. అలా ఎందుకయ్యానో చెప్పాలంటే మా నాయనమ్మ సంగతి చెప్పాలి.

నాకు ఊహ తెలిసేటప్పటికే నాన్న అమెరికా వచ్చేశాడు. డాక్టరు. తర్వాత నన్నూ అమ్మనీ తెచ్చుకున్నాడు. మిషిగన్‌లో ఒక చిన్న ఊరి హాస్పిటల్లో ఉద్యోగం. చుట్టూ మొక్కజొన్న చేలు, ఒక సబ్బుల ఫ్యాక్టరీ, ఒకటే హైస్కూలు. ఆ ఊళ్ళో తెలుగు ముక్క తెలిసిన ఇల్లు మాదొక్కటే. రమణ పుట్టినప్పుడు సాయానికని నాయనమ్మ వచ్చింది. ఆర్నెల్లకని వచ్చిన మనిషి, పిల్లాడు పాకుతున్నాడు, పిల్లాడు నడుస్తున్నాడు అంటూ ఏళ్ళు ఉండిపోయింది. బాపట్లలో మా పెదనాన్న దగ్గర ఎంత మడి కట్టుకునేదో ఆ మంచులోనూ అంతే కట్టుకునేది. పొద్దున్నే తలుపులు వేసుకుని చన్నీళ్ళు పోసుకుని, బేస్‌మెంట్‌లో బట్టల మెషీను పక్కన దండెం మీద విడిగా ఆరేసుకున్న మడిచీర కట్టుకుని పైకొచ్చేది. తన వంట అయ్యేదాకా మేమెవరం వంటింట్లో గీత దాటకూడదు. నాన్న హాస్పిటల్ నుంచి వస్తే గుమ్మం దగ్గరే ఆపి, "ఎవర్ని ముట్టుకొచ్చావో ఏమో, కాళ్ళు కడుక్కో" అనేది. నాన్న చిన్నపిల్లాడిలా వెనక్కి తిరిగి గరాజ్‌లో కుళాయి కింద కాళ్ళు పెట్టేవాడు. ఇంట్లో ఎప్పుడూ ఇంగువ, తడి ఉన్ని, ఫర్నేస్ దుమ్ము కలిసిన వాసనొకటి ఉండేది. ఇప్పటికీ ఎక్కడైనా పాత హీటర్ మొదటిసారి వేస్తే నాకు ఆవిడ గుర్తొస్తుంది.

ఈ మాటలు నేను తెలుగులో రాయగలుగుతున్నానంటే అది ఆవిడ పెట్టిన భిక్షే. సాయంత్రాలు నన్ను పక్కన కూచోబెట్టుకుని బియ్యప్పిండిలో వేలితో అక్షరాలు దిద్దించేది. చదువు చెప్పేటప్పుడు ఎంత ఓర్పో మిగతా వేళల్లో అంత చిరాకు. స్కూల్లో నాకు బాండులో క్లారినెట్ ఇచ్చారని ఇంటికి తెస్తే, పెట్టె తెరిచి చూసి, "ఇది ఇంతకుముందు ఎవరు ఊదారు?" అంది. స్కూలు వాళ్ళదని, చాలామంది వాయించి ఉంటారని చెప్పాను. అంతే. అంతమంది ఎంగిలి నోట్లో పెట్టుకుని ఈ ఇంట్లో తిరగడానికి వీల్లేదంది. నాన్న స్పిరిట్ పెట్టి తుడిచి చూపించాడు, వినలేదు. చివరికి రాజీ ఏమిటంటే క్లారినెట్ గరాజ్‌లో ఉంటుంది, నేను గరాజ్‌లోనే ప్రాక్టీస్ చేయాలి, లోపలికొచ్చే ముందు నోరు పుక్కిలించాలి. పెట్రోలు వాసన, పక్కనే అలమరలో ఆవకాయ జాడీ వాసన, వాటి మధ్య కోటూ టోపీ పెట్టుకుని, వేళ్ళు కొంకర్లు పోతుంటే వాయించేదాన్ని. అంత చలిలోనూ మానలేదంటే ఆ బాండు అంటే నాకెంత ఇష్టమో చూడండి. బడిలో నాతో మాట్లాడేవాళ్ళు తక్కువ. వరసలో నిలబడి అడుగు కలిపి నడిచేటప్పుడు మాత్రం నేనూ వాళ్ళలో ఒకదాన్ని.

మడి కంటే ఆవిడకి పట్టింపు మైల దగ్గర. అయినవాళ్ళెవరైనా పోతే పది రోజులు మైల. పండగలూ పేరంటాలూ లేవు, ఒకళ్ళింటికి వెళ్ళకూడదు, సరదా అన్నది చేయకూడదు. అయితే అమెరికాకి వార్త చేరడం ఆలస్యమయ్యేది. పోయిన మనిషి కర్మలన్నీ అయిపోయాక మాకు తెలిసేది. అప్పుడెలా లెక్క అని నాన్న ఒకసారి ఆట పట్టిస్తూ అడిగాడు. నాయనమ్మ తడుముకోలేదు. "విన్నప్పుడే తలస్నానం. వినేదాకా మైల లేదు" అంది. అంటే మైల చావుకి కాదు, వార్తకన్నమాట. నాన్న నవ్వాడు గానీ ఆవిడకది నవ్వే విషయం కాదు.

ఆ ఏడు వేసవి నుంచీ మా పెదనాన్నకి ఒంట్లో బాగా లేదు. ఆవిడ పెద్దకొడుకు. బాపట్లలో వకీలు. కామెర్లన్నారు, తగ్గాయన్నారు, మళ్ళీ వచ్చాయన్నారు. నాన్న ఇంగ్లీషులో ఎవరెవరికో ఉత్తరాలు రాసేవాడు, మందుల పేర్లు రాసేవాడు. నాయనమ్మ పైకి ఏమీ అనేది కాదు. జపం చేసుకునే సమయం మాత్రం పెరుగుతూ పోయింది. ఆఖరికి నాన్నకి సెలవు దొరికి, తల్లీకొడుకులు బాపట్ల వెళ్ళడానికి పై వారానికి టికెట్లు కొన్నారు. సరిగ్గా దానికి ముందు శనివారం మా స్కూలు ఆఖరి ఆట. మా మైదానానికి దీపాలు లేవు, అందుకని ఆటలన్నీ పగలే. ఆ రోజు నన్ను మొదటిసారి ముందు వరసలో పెట్టారు.

ఆ పొద్దున నాన్న హాస్పిటల్‌కి వెళ్ళాడు. అమ్మ ఉప్మాకి రవ్వ వేయిస్తోంది. నేను బాండు డ్రెస్సు వేసుకుని బొత్తాలు పెట్టుకుంటున్నాను. ఫోను మోగితే అమ్మ ఎత్తింది. ఆపరేటరు. ఇండియా నుంచి కాల్ ఉంది, లైన్లోనే ఉండండి అని చెప్పింది. అమ్మ ఉంది. గరగరమని చప్పుడు, ఎక్కడో ఎవరో హలో హలో అనడం, తర్వాత ఏమీ లేదు, కట్టయిపోయింది. అమ్మ రిసీవరు పట్టుకుని అలాగే నిలబడింది. ఆ రోజుల్లో ఇండియా నుంచి ఫోనంటే ఒకటే అర్థం. పెళ్ళికి ఉత్తరం రాస్తారు, పురుడుకి ఉత్తరం రాస్తారు, ఫోను మాత్రం దానికే చేస్తారు. అది చిన్నపిల్లలకి కూడా తెలుసు.

"ఎక్కణ్ణుంచే?" అంది నాయనమ్మ.

"ఇండియా నుంచట అత్తయ్యా. కట్టయిపోయింది."

పొయ్యి మీద రవ్వ మాడుతోంది. నాయనమ్మే వెళ్ళి పొయ్యి కట్టేసింది. అంతలో మళ్ళీ మోగింది. అమ్మ చెయ్యి చాచింది.

"ఎత్తకు సుశీలా."

"బావగారి సంగతేమో అత్తయ్యా."

"అందుకే ఎత్తొద్దంటున్నా. ఈ పిల్ల ఇవాళ్టి కోసం ఆ గరాజ్‌లో చలికి గడ్డకట్టుకుపోయింది. విన్నామంటే పది రోజులు గడప దాటేది లేదు. వినేదాకా ఏమీ లేదు."

అమ్మ చెయ్యి అలాగే ఉండిపోయింది. ఫోను మోగి మోగి ఆగింది. నాయనమ్మ నా వైపు తిరిగి, "బొత్తాలు సరిగ్గా పెట్టుకో. పదండి, నేనూ వస్తాను" అంది. ఆవిడ అంతవరకూ నా స్కూలు మొహం చూడలేదు. ఇప్పుడు నాన్న ఓవర్‌కోటు చీర మీద తొడుక్కుని, మేజోళ్ళ మీద చెప్పులు వేసుకుని, రమణని చెయ్యి పట్టుకుని అందరికంటే ముందు కార్లో కూర్చుంది. ఆటకింకా చాలా టైముంది. ఇంట్లో ఉంటే మళ్ళీ మోగుతుందని మాకందరికీ తెలుసు.

ఆ రోజు బాగా వాయించాను. చెప్పుకోకూడదు గానీ నిజం. మలుపు తిరిగేటప్పుడు ఒక్కసారి బల్లల వైపు చూశాను. నాన్న కోటులో నాయనమ్మ, ఒళ్ళో రమణ, పక్కన అమ్మ. నాయనమ్మ రెప్ప వేయకుండా మైదానంలోకే చూస్తోంది. నా కోసమే అనుకున్నాను. సాయంత్రం ఇంటికొచ్చేసరికి నాన్న గుమ్మంలో నిలబడి ఉన్నాడు. మొహం చూస్తేనే తెలిసిపోయింది. నాన్న నోరు విప్పబోతే నాయనమ్మ చెయ్యి అడ్డం పెట్టి, "ఉండు. ముందు దాన్ని ఆ బట్టలు విప్పి సంచీలో పెట్టనీ, స్కూలు వాళ్ళవి" అంది. నేను గరాజ్‌లోనే డ్రెస్సు మార్చుకుని వచ్చాను. అప్పుడు చెప్పాడు నాన్న. నాయనమ్మ ఏడవలేదు. ఒక్కొక్కరినీ స్నానానికి పంపి, ఆఖరున తను వెళ్ళింది. నీళ్ళ చప్పుడు చాలాసేపు వినపడింది.

ఆ తర్వాత చాలా ఏళ్ళకి, నాయనమ్మ పోయాక, నాకు పెళ్ళయి శైలజ కడుపులో ఉండగా, అమ్మ ఒక మధ్యాహ్నం చిక్కుడుకాయలు వలుస్తూ చెప్పింది. ఆ పొద్దున ఫోను చేయించింది పెదనాన్నే. బతికే ఉన్నాడు. మా అమ్మతో ఒక్కసారి మాట్లాడాలి, కాల్ బుక్ చేయండి అని గొడవ చేశాడట. మంచం పక్కకి ఫోను లాగి చెవి దగ్గర పెట్టారట. ఎవరూ ఎత్తలేదంటే, గుళ్ళోకి వెళ్ళుంటుందిలే అన్నాడట. మా ఊళ్ళో గుడెక్కడిది. వాళ్ళ లెక్కన ఆ రాత్రే, మాకింకా పగలుండగానే పోయాడు. నాన్న ఈ సంగతి నాయనమ్మకి చెప్పాడో లేదో అమ్మకీ తెలీదు. ఆవిడ ఆ మాట ఎప్పుడూ ఎత్తలేదు, మేమూ ఎత్తలేదు. నా ఒక్క పూట సరదా కోసం ఆవిడ కొడుకు గొంతు పోగొట్టుకుంది అన్న మాట ఆ రోజు నుంచీ నా గుండెల్లో ముల్లులా ఉండిపోయింది. ఆ రోజు నుంచే ఫోను మోగితే ఆగను.

ఇప్పుడైతే వినకుండా ఉండడానికి అసలు వీలుందా? మొన్న మా పినతండ్రి కొడుకు హైదరాబాద్‌లో పోతే, ఇంట్లో వాళ్ళు ఏడవడం మొదలుపెట్టే లోపే ఫ్యామిలీ గ్రూపులో దండం బొమ్మలు వచ్చేశాయి. ఇక్కడ అమెరికాలో, హెర్న్‌డన్‌లో ఉన్న వాళ్ళన్నయ్య ఆఫీసు మీటింగ్‌లో ఉండి చూశాడట. చితికి నిప్పు పెట్టడం కూడా ఫోన్లోనే చూశాం. నాయనమ్మ లెక్కన అయితే మేమందరం ఏ క్షణం చూసుకున్నా మైలలోనే ఉంటాం. ఒక పూట తెలియకుండా ఉండే వెసులుబాటు ఎవరికీ లేదు. అది మంచిదే అని నేను ఇన్నాళ్ళూ గట్టిగా వాదిస్తూ వచ్చాను.

సరే, స్టేడియం సంగతి. సిగ్నల్ లేదని తెలిశాక ఇంక నన్ను కూర్చోబెట్టడం శైలజ వల్ల కాలేదు. "హాఫ్‌టైమ్ వచ్చేస్తోందమ్మా, ఎక్కడికి?" అని అడుగుతూనే ఉంది, నేను జనాన్ని తోసుకుంటూ మెట్లు దిగిపోయాను. తిండి కొట్టు దగ్గర చూశాను, లేదు. టికెట్ల గేటు దగ్గర ఒక గీత వచ్చి పోయింది. ఫోను పైకెత్తి పట్టుకుని, పిచ్చిదానిలా పార్కింగ్ లాట్ చివరిదాకా, బాండు వాళ్ళ బస్సుల వెనక్కి నడిచాను. అక్కడ రెండు గీతలు వచ్చాయి. అటు లోపల డ్రమ్ములు మొదలయ్యాయి, ఇటు నా చేతిలో ఫోను మోగింది.

"ఏంటక్కా ఆ గోల?" అన్నాడు రమణ.

"అనిక వాళ్ళ బాండు. ఇప్పుడే దిగారు."

"మరి చూడక నాతో ఏంటి? ఎక్కడున్నావ్?"

"పార్కింగ్ లాట్‌లో. నువ్వు మాట్లాడు."

"నువ్వూ నీ ఫోనూ," అని నవ్వాడు. గొంతు పల్చగా ఉంది. ఆకలేస్తోందిట, నిన్న రాత్రి నుంచీ ఏమీ పెట్టలేదుట. నేనొచ్చాక పెసరట్లు వేయాలిట. డిస్చార్జ్ చేశాక ఆ ఓట్‌మీల్ తిననని పద్మకి ఇప్పుడే చెప్పేశాడట. బస్సుల అవతల ట్రంపెట్లు లేచాయి. వాటిలో ఏది అనికదో నాకేం తెలుస్తుంది. ఇద్దరం కాసేపు ఆ పాట విన్నాం. "భయంగా ఉందక్కా," అన్నాడు ఉన్నట్టుండి. "నాకూ ఉందిరా," అన్నాను. ఎవరో వచ్చి ఏదో అన్నారు, "పెట్టేస్తున్నా" అన్నాడు, పెట్టేశాడు.

నేను తిరిగొచ్చేసరికి కవాతు అయిపోయి, శైలజ కంచె దగ్గర నిలబడి ఉంది. అక్కడికి అనిక పరిగెత్తుకుంటూ వచ్చింది, టోపీ చంకలో పెట్టుకుని, మొహమంతా చెమట. "అమ్మమ్మా, నన్ను చూసావా?" అంది. శైలజ నా వైపు కోపంగా చూసింది. "చూడలేదు తల్లీ. నోవై తాతయ్య ఫోన్ చేశాడు, బస్సుల వెనక నిలబడి విన్నాను," అన్నాను. దాని మొహం ఒక్క క్షణం వాడింది. వెంటనే, "ఇట్స్ ఓకే అమ్మమ్మా, మామ్ వీడియో తీసింది. నోవై తాతయ్య ఓకేనా?" అంది. ఓకే అన్నాను. నాకు మాత్రం తేలిగ్గా ఉంది, సిగ్గు లేకుండా చెప్తున్నాను. వాడి గొంతు విన్నాను, అది చాలు అనుకున్నాను. ఎయిర్‌పోర్ట్ దారి పొడుగునా శైలజ పాడిన దండకం అంతా నోరు మూసుకుని విన్నాను.

విమానం ఎక్కి బెల్టు పెట్టుకున్నాను. తలుపులు వేసేశారు. ఫోన్లు ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టమని చెప్తుండగా నా ఫోను మోగింది. పద్మ. ఆపరేషన్‌కి రాత్రి దాకా పడుతుందన్నారు. ఇంత తొందరగా పద్మ ఎందుకు చేస్తుంది? తొందరగా వచ్చే కబురు ఎలాంటిదో ఇన్నేళ్ళు మందులమ్మిన నాకు ఒకరు చెప్పక్కర్లేదు. వేలు తెర దాకా వెళ్ళింది. ఎత్తలేదు. రెండో మోత, మూడో మోత. పక్కనున్నాయన నన్నూ ఫోనునీ మార్చి మార్చి చూస్తున్నాడు. అది ఆగేదాకా పేరు వైపే చూస్తూ కూర్చుని, ఆగాక ఫోను ఆపేసి బ్యాగులో అడుక్కి తోసేశాను. భయమేసింది. అంతే, ఇంకే కారణమూ లేదు. ఎత్తేదాకా రమణ నాకు ఉన్నాడు. పెసరట్లు కావాలంటున్నాడు. డెట్రాయిట్‌లో దిగేదాకా వాడు ఉన్నాడు. కింద మబ్బులు చూస్తూ, ఈ విమానం దిగకుండా ఇలాగే పోతుంటే బావుణ్ణు అనుకున్నాను. దిగేటప్పుడు చక్రాలు నేలకి తగిలితే నాకు ఏడుపొచ్చింది.

అందరూ ఫోన్లు తెరిచారు. అందరూ దిగిపోయారు. శుభ్రం చేసేవాళ్ళు లోపలికి వస్తుంటే అప్పుడు లేచి, నడవలో నిలబడి తెరిచాను. పద్మ మెసేజ్ పెట్టింది. "వదినా, ఎక్కారా? ఈ కంగార్లో ఏమైనా తిన్నారో లేదో అని చేశాను. ఆయన ఇంకా లోపలే ఉన్నారు, అంతా బాగానే జరుగుతోందన్నారు. మా బాబు ఎయిర్‌పోర్ట్‌కి వస్తాడు." నేను తిన్నానా లేదా అని. పక్కనున్న సీటుకానుకుని కాసేపు నవ్వానో ఏడ్చానో నాకే తెలీదు.

రమణ లేచాడు. ఇప్పుడు ఇంటికొచ్చేశాడు. ఛాతీ కుట్లు కదలకుండా, దగ్గొచ్చినప్పుడల్లా హాస్పిటల్ వాళ్ళిచ్చిన దిండు గట్టిగా హత్తుకుంటాడు. ఓట్‌మీలే తింటున్నాడు, నన్ను తిడుతూ. నిన్న పొద్దున పద్మ షాపుకి వెళ్ళినప్పుడు, కిటికీ దగ్గర కూర్చుని వాడికి విమానంలో ఫోనెత్తని సంగతి చెప్పాను. "నువ్వా? మోగుతుంటే ఎత్తలేదా?" అన్నాడు. దాంతో ఆ పాతదంతా చెప్పాల్సి వచ్చింది. నాయనమ్మ ఎత్తొద్దనడం, పెదనాన్న చెవి దగ్గర రిసీవరు, అన్నీ. వాడికవేవీ తెలియవు, అప్పటికి నాలుగైదేళ్ళ వాడు.

"నాకా రోజు ఒకటే గుర్తుంది," అన్నాడు. "ఆట అయిపోయింది. జనమంతా వెళ్ళిపోయారు. చలికి నా చెవులు నొప్పెడుతున్నాయి, ఇంటికి పోదాం నాయనమ్మా అని ఏడుస్తున్నాను. అమ్మ కార్లోంచి హారన్ కొడుతోంది. నాయనమ్మ నన్ను నాన్న కోటు లోపలికి లాక్కుని, కాసేపుండరా, ఇంకాసేపుండి పోదాం అంటూనే ఉంది. ఎండ పోయేదాకా లేవలేదక్కా."

"నా కోసం కూర్చుందేమోరా," అన్నాను.

"నువ్వప్పటికే కార్లో ఉన్నావు కదక్కా," అన్నాడు.